చుక్క జారిన అర్థము

అచ్చుతప్పులకు తెలుగువారు ‘ముద్రారాక్షసములు’ అని పేరిడిరి. విశాఖదత్తుని నాటకనామము ఇట్లు అక్కఱకు వచ్చినది. 1631లో లండనులో అచ్చైన బైబిలునందు, వ్యభిచారమును నిషేధించు ఆజ్ఞలో ‘కూడదు’ అను భావమునిచ్చు చిన్న మాట జారిపోయెను. ముద్రాపకులకు 300 పౌనుల జరిమానా పడినది! మన లిపిలో మాట పోనక్కఱలేదు. ‘థ’వత్తులోని చుక్క పోయినచో ‘అర్థము’ ‘అర్ధము’ అగును. భావము కాస్తా సగమగును. రెండును నిఘంటువులోని మాటలే గనుక, నిఘంటువుతో మాత్రమే సరిచూచు కంప్యూటరు సయితము దానిని తప్పుగా ఎంచదు. రచయిత కన్నును అంతే. కాగితముపై నున్నదానిని విడిచి మనసులోనిదానిని చదువును. అందుకే పూర్వము అచ్చుకూటములలో ఒకరు మూలప్రతిని వత్తులతో, విరామచిహ్నములతో సహా బిగ్గరగా చదువుచుండగా వేఱొకరు ప్రూఫులు దిద్దెడివారు. తరగతిలో ఇరువురు విద్యార్థులు వ్యాసములు మార్చుకొని ఈ పని చేయవచ్చును, అరగంట చాలును.