తప్పు చేతిదా, నీటిదా?

నలుగురైదుగురు స్నేహితులు ఒకరింట్లో చేరి, హాల్లో పాత దుప్పటి పరిచి, రంగులూ కుంచెలూ ముందేసుకుని సాయంత్రం దాకా బొమ్మలు వేసుకోవడం మన నగరాల్లోనూ అలవాటవుతోంది. పుట్టినరోజు పేరుతోనో, పాత కాలేజీ జట్టు మళ్లీ కలిసిందనో పెయింటింగ్ పార్టీ పెట్టుకుంటున్నారు. మొదటి అరగంట మహా ఉత్సాహంగా గడుస్తుంది. ఆ తర్వాత ఒకరి ఆకాశం మురికి గోధుమరంగులోకి తిరుగుతుంది. ఇంకొకరి కాగితం అప్పడంలా ఉబ్బుతుంది. మరొకరు ఇష్టంగా కలుపుకున్న గులాబీరంగు ఆరేసరికి ముదిరిపోతుంది. ‘మనకు బొమ్మలు అబ్బవులే’ అంటూ కుంచె పక్కన పెట్టి సమోసాల వైపు జరుగుతారు.

నిజానికి ఈ తప్పుల్లో చేయి తిరగకపోవడం వల్ల వచ్చేవి కొన్నే. ఎక్కువ భాగం నీటివి, బంకవి, కాగితానివి, ఒక్కోసారి కంటివి. వాటి స్వభావం ముందే తెలిస్తే జీవితంలో తొలిసారి కుంచె పట్టినవాళ్లు కూడా ఆ సాయంత్రాన్ని హాయిగా గడపగలరు.

పార్టీలా కూర్చుని బొమ్మ వేయడాన్ని వ్యాపారంగా మలిచింది అమెరికన్లు. అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో 2002లో ఇలాంటి స్టూడియో ఒకటి మొదలైంది. 2005లో కత్రినా తుపాను లూసియానాను కకావికలం చేశాక, ఆ రాష్ట్రంలోని మాండెవిల్‌లో ఇద్దరు మహిళలు 2007లో మరొకటి తెరిచారు. తుపాను దెబ్బ నుంచి తేరుకుంటున్న ఊరివాళ్లు కాసేపు కలిసి కూర్చునే చోటు కావాలన్నది వాళ్ల ఆలోచన. అది చూస్తుండగానే దేశమంతా శాఖలున్న సంస్థగా ఎదిగింది.

అయితే బొమ్మలు వేసే పని ఇళ్లలోకి రావడానికి అసలు దారి వేసింది అంతకు చాలా ముందటి వస్తువు ఒకటి. పూర్వం ఐరోపా చిత్రకారులు నూరిన రంగును పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి దాచుకునేవారు. సూదితో పొడిచి వాడుకున్నాక ఆ చిల్లును సరిగా మూయలేక రంగు గట్టిపడిపోయేది. 1841లో జాన్ గోఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు బయటికొచ్చే తగరపు ట్యూబుకు పేటెంటు పొందాడు. మూత బిగిస్తే నెలల తరబడి పాడవదు, జేబులో వేసుకుని ఎక్కడికైనా వెళ్లొచ్చు. నేడు స్టేషనరీ దుకాణంలో దొరికే పన్నెండు ట్యూబుల డబ్బా వెనుక ఉన్నది ఆ పేటెంటే.

ఏ ట్యూబు విప్పినా లోపల ప్రధానంగా ఉండేవి మూడు: రంగునిచ్చే పొడి, ఆ పొడిని కాగితానికి పట్టి ఉంచే బంక, రెండింటినీ పలచబరిచే ద్రవం. రంగుల రకాలు మారేది ముఖ్యంగా బంకను బట్టి. అదే అల్ట్రామెరీన్ నీలాన్ని తుమ్మజాతి చెట్ల జిగురుతో కలిపితే వాటర్ కలర్, అవిసెనూనెతో నూరితే ఆయిల్ పెయింట్, నీళ్లలో తేలే అక్రిలిక్ కణాలతో కలిపితే అక్రిలిక్ రంగు అవుతుంది. మన చేర్యాల నకాషీ కళాకారులు కథల పటాలకు ఖాదీ గుడ్డను సిద్ధం చేసేటప్పుడు సుద్దమట్టితో పాటు చింతగింజల జిగురు వాడతారు. ఎక్కడి చిత్రకారుడికైనా ముందు కుదరాల్సింది బంకే.

ఇంట్లో పార్టీకి ఎక్కువమంది తెచ్చుకునేది అక్రిలిక్. ఆయిల్ పెయింట్ నీరు ఆవిరైనట్టు ఆరదు. అవిసెనూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని, అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి గట్టిపడాలి. అందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. సాయంత్రం వేసిన బొమ్మను రాత్రి ఇంటికి పట్టుకెళ్లాలంటే అది కుదరదు. నీటితో వాడే అక్రిలిక్ రంగులు చిత్రకారులకు అందుబాటులోకి వచ్చింది 1950లలోనే. వాటిలోని ప్లాస్టిక్ కణాలు ఎంత చిన్నవంటే, పరిమాణం మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. తడిగా ఉన్నప్పుడు అవి నీటిలో విడివిడిగా తేలుతూ, తమ మీద పడిన వెలుతురును అన్నివైపులా చెదరగొడతాయి. అందుకే ఆ బంక పాలలా తెల్లగా కనిపిస్తుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ కణాలు దగ్గరకు జరిగి, నొక్కుకుని, ఒకదానిలో ఒకటి కలిసిపోయి పారదర్శకమైన పొరగా మారతాయి.

గులాబీరంగు ముదరడానికి కారణం అదే. తడిగా ఉన్నంతసేపు బంకలోని తెలుపు రంగును కొంత లేతగా చూపించింది. ఆ తెలుపు పోయాక అసలు రంగు బయటపడింది. కనుక అక్రిలిక్‌ను కావలసినదానికంటే ఒక పిసరు లేతగా కలుపుకోవాలి. పెద్ద పట్టు పూసేముందు పనికిరాని కాగితం మీద గీసి, ఆరాక చూసుకుంటే ఇంకా మంచిది.

ఒకసారి పొరగా మారిన అక్రిలిక్ మళ్లీ నీటిలో కరగదు. కబుర్లలో పడి కుంచెను ప్యాలెట్ మీదే వదిలేస్తే దాని పని అయిపోయినట్టే. అలాగని గంటల తరబడి గ్లాసు నీళ్లలో తలకిందులుగా నిలబెట్టినా మొన వంగిపోతుంది, వెంట్రుకలను పట్టి ఉంచిన జిగురు వదులవుతుంది. గాలిలో తేమ ఎక్కువున్న వానాకాలం విశాఖలో ఈ రంగు నిదానంగా ఆరుతుంది. చలి ఇంకా చిక్కు. ఉష్ణోగ్రత 9 డిగ్రీల సెల్సియస్ కంటే తగ్గితే కణాలు సరిగా కలవక, పొర పగుళ్లిచ్చే ప్రమాదముంది. డిసెంబరులో న్యూజెర్సీలోనో డెట్రాయిట్‌లోనో హీటరు లేని గ్యారేజీలో పార్టీ పెట్టుకునే తెలుగువాళ్లు దీన్ని గుర్తుంచుకోవాలి.

వాటర్ కలర్ కథ వేరు. ఒక నీలిరంగు చుక్కను కాగితం మీద పెట్టి, ఆరేదాకా కదలకుండా చూడాలి. మొదట చుక్క అంతా ఒకే రంగు. కొన్ని నిమిషాలకు అంచు వెంబడి సన్నటి ముదురు గీత మొదలవుతుంది. మధ్యభాగం పలచబడుతుంది, గీత చిక్కబడుతుంది. చివరికి లేత నీలం చుట్టూ ఎవరో పెన్సిలుతో దిద్దినంత స్పష్టంగా అంచు మిగులుతుంది. బల్ల మీద ఒలికిన కాఫీ చుక్క ఆరితే మిగిలే వలయం కూడా ఇలాగే ఏర్పడుతుంది. షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ డీగన్, ఆయన సహచరులు 1997లో ‘నేచర్’ పత్రికలో దీని కారణాన్ని వివరించారు. చుక్క అంచు కాగితాన్ని పట్టుకుని కదలదు. పలచగా ఉన్న ఆ అంచు దగ్గర నీరు వేగంగా ఆవిరవుతుంది. ఆ లోటు పూడ్చడానికి మధ్యలోని నీరు అంచువైపు పారుతూ, రంగుకణాలనూ మోసుకుపోయి అక్కడ పోగేస్తుంది. మరకలాంటి ఒక మామూలు విషయానికి ప్రపంచంలోని పేరున్న పత్రికలో చోటు దొరకడం చూస్తే ముచ్చటేస్తుంది.

ఈ ప్రవాహం తెలిసినవారు ఆకాశం వేసేటప్పుడు కాగితాన్ని ముందే సమంగా తడిపి, ఆ తడి ఆరకముందే రంగు పూర్తిగా పరిచేస్తారు. కింది అంచున నిలిచిన నీటిని పిండిన కుంచెతో పీల్చేస్తారు. సగం ఆరిన చోట ‘ఇంకొంచెం దిద్దుదాం’ అని నీళ్లకుంచె పెట్టడమే కొత్తవాళ్లను ముంచేది. కొత్తగా చేరిన నీరు పాత రంగును నెట్టుకుంటూ పోయి, వంకరటింకర అంచులున్న మచ్చగా తేలుతుంది. సగం ఆరిన రంగు జోలికి పోకూడదు. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం బొమ్మలు బతుకుతాయి.

కాగితం ఉబ్బడానికీ లెక్క ఉంది. కాగితమంటే అల్లుకుపోయిన సెల్యులోజ్ నార. తడిస్తే ఆ నార పోగులు పొడవులో పెద్దగా మారవు, లావెక్కుతాయి. తడిసినచోట కాగితం సాగి, తడవనిచోట సాగక అలలు తేలతాయి. మామూలు డ్రాయింగ్ షీటుకు దీన్ని తట్టుకునే బలం లేదు. చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న కాగితం తీసుకుని, నాలుగు అంచులా టేపుతో చెక్కకు బిగిస్తే చాలావరకు ఆగుతుంది. మంచి వాటర్ కలర్ కాగితానికి జెలటిన్ లాంటి పూత ఉంటుంది కనుక రంగు లోపలికి ఇంకిపోకుండా పైనే నిలిచి మెరుస్తుంది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు ఇదే చిక్కును గేదెపాలతో తీర్చారు. నూలుగుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెడితే, పాలలోని కొవ్వు రంగు పాకకుండా అడ్డుపడుతుంది. కరక్కాయలోని టానిన్‌కు మరో పని ఉంది. ఇనుపముక్కలను బెల్లంనీళ్లలో పులియబెట్టి చేసిన కసిమిలోని ఇనుము తగిలితే అది గాఢమైన నలుపవుతుంది. గుడ్డ మీద గీత పడగానే కళ్లముందే నల్లబడటం చూడాల్సిన దృశ్యం.

ఇక మురికి గోధుమరంగు సంగతి. పసుపు, నీలం కాంతులను ఒకచోట పడేలా చేస్తే తెలుపు వస్తుంది, అవే రంగులను కుంచెతో కలిపితే ఆకుపచ్చ వస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1852లో ఈ తేడాకు కారణం చెప్పాడు. కాంతులు కలిస్తే వెలుగు పెరుగుతుంది. రంగుపొడి మాత్రం వెలుతురులో కొంత భాగాన్ని మింగేసి, మిగిలింది కంటికి పంపుతుంది. ఒక్కో రంగు చేర్చినకొద్దీ మింగేవాళ్లు పెరుగుతారు. ఎరుపు, పసుపు, నీలం మూడూ చేరాక బయటికి వచ్చే వెలుతురే తక్కువ. మిగిలేది మట్టిరంగు. అల్ట్రామెరీన్‌లో ఎరుపు ఛాయ దాగి ఉంటుంది కాబట్టి దాన్ని పసుపుతో కలిపినా తెలియకుండానే మూడు రంగులూ చేరినట్టు అవుతుంది, ఆకుపచ్చ మందకొడిగా వస్తుంది. లేత ఆకుపచ్చ కావాలంటే నిమ్మపసుపుకు ఆకుపచ్చ ఛాయ ఉన్న థాలో నీలం జోడించాలి. రెండు రంగుల దగ్గర ఆగిపోవడం, కుంచె కడిగే నీళ్లు తరచూ మార్చడం మరిచిపోకూడదు.

కన్ను చేసే మోసం ఇంకోటుంది. మిషెల్ షెవ్రుల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త 1824లో పారిస్‌లోని గోబెలాఁ వస్త్రశాలలో అద్దకం విభాగానికి అధిపతి అయ్యాడు. అక్కడి నల్లదారం వెలిసినట్టు కనిపిస్తోందని ఫిర్యాదులు వచ్చాయి. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు. పక్కనే ఉన్న రంగుల వల్ల నలుపు అలా కనిపిస్తోంది. దీని మీద ఆయన 1839లో వెలువరించిన గ్రంథాన్ని తర్వాతి తరాల చిత్రకారులు శ్రద్ధగా చదివారు. 102 ఏళ్లు బతికిన ఆ పెద్దమనిషి పరిశోధనను ఇంట్లో పరీక్షించడానికి అయిదు నిమిషాలు చాలు. ఒకే గిన్నెలో కలిపిన బూడిదరంగును ఒకరు పసుపు మధ్యలో, ఇంకొకరు నీలం మధ్యలో చిన్న చతురస్రంగా పూయాలి. రెండూ ఒకే రంగు అంటే చుట్టూ ఉన్నవారు ఒప్పుకోరు.

పిల్లలుంటే వంటింటి పసుపు చాలు. పసుపునీళ్లు పూసి ఆరబెట్టిన తెల్లకాగితం మీద సున్నపు తేటతోనో సబ్బునీళ్లతోనో పెద్దవాళ్లు గీత గీసి చూపిస్తే ఎర్రగా తేలుతుంది. క్షారం తగిలితే పసుపులోని కుర్కుమిన్ ఎరుపెక్కుతుంది. పెళ్లిలో కాళ్లకు పూసే పారాణి రహస్యం అదే. ఆ బొమ్మను ఎండలో పెడితే మాత్రం వెలిసిపోతుంది.

ఇంత చేసి మనిషికి ఒరిగేదేమిటి? 2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దలకు 45 నిమిషాలపాటు మార్కర్లు, మట్టి, కాగితపు కత్తిరింపులు ఇచ్చి ఇష్టమొచ్చింది చేయమంది. ముందూ తర్వాతా లాలాజలంలోని కార్టిసాల్ కొలిస్తే దాదాపు 75 శాతం మందిలో తగ్గింది. ఒత్తిడిలో శరీరం విడుదల చేసే హార్మోను ఇది. బొమ్మల్లో ముందు అనుభవం ఉందా లేదా అన్నది ఫలితాన్ని మార్చలేదు. అధ్యయనం చిన్నది, పోల్చి చూడటానికి బొమ్మలు వేయని బృందం అందులో లేదు. కాబట్టి దీన్ని వైద్యంగా ప్రచారం చేయడం తొందరపాటు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు అదే ఏడాది ప్రచురించిన ప్రయోగాల ఫలితాలు మరింత గట్టివి. పదాలను పదేపదే రాసినవారికంటే వాటి బొమ్మ గీసినవారికే అవి ఎక్కువ గుర్తున్నాయి. బొమ్మ బాగుందా లేదా అన్న దానితో నిమిత్తం లేదు.

జాగ్రత్తలు రెండు తప్పనిసరి. మొదటిది, టీ గ్లాసునూ కుంచెల గ్లాసునూ పక్కపక్కన పెట్టకూడదు. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలుంటాయి. రెండోది ఆయిల్ పెయింట్ వాడేవారికి. అవిసెనూనె ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేస్తే ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతటదే అంటుకోవచ్చు. వాటిని ఆరుబయట విడిగా పరిచి ఆరనివ్వాలి, లేదా నీళ్లలో ముంచి ఉంచాలి. టర్పెంటైన్ సీసా తెరిచారంటే కిటికీలూ తెరవాలి.

అందరూ వెళ్లాక మిగిలే రంగునీళ్లు సింకులో పోయడం అందరూ చేసే పని, చేయకూడని పనీ అదే. అక్రిలిక్ కణాలు ప్లాస్టిక్. గొట్టాల్లో పేరుకుంటాయి, మిగిలినవి చెరువుల దాకా పోతాయి. ముందు కుంచెలను పాత పేపరుకు బాగా తుడిచి, తర్వాత కడగాలి. ఆ నీళ్లన్నీ ఒక బకెట్లో పోసి పటికపొడి కలపాలి. రంగుకణాలు రుణావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. పటికలోని అల్యూమినియం ధనావేశం ఆ నెట్టుడును ఆపుతుంది. కణాలు గడ్డకట్టి అడుగుకు చేరతాయి. గోదావరి ఎర్రనీళ్లను తేర్చడానికి కుండలో పటిక తిప్పినప్పుడు జరిగిందీ ఇదే. చిత్రకారుల రంగులు తయారుచేసే సంస్థలు కూడా అల్యూమినియం సల్ఫేట్, పొడిసున్నం వాడే ఇలాంటి పద్ధతినే సూచిస్తాయి. రాత్రంతా కదపకుండా ఉంచి, తేటను దళసరి గుడ్డలో వడకట్టి పారబోయండి, మొక్కలకు మాత్రం పోయకండి. గుడ్డలో మిగిలిన ముద్దను ఎండబెట్టి పొడిచెత్తలో వేయండి.