బావగారి కాఫీ బల్ల

"చాయ్ తాగే ఊళ్ళో కాఫీ అమ్మటమంటే ఏటి ఒడ్డున నీళ్ళమ్మటమే, బావా!" అన్నాను.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో ఆయన ఒక గది అద్దెకు మాట్లాడుకొని వచ్చిన రోజు సంగతి అది. గుమాస్తా ఉద్యోగానికి అప్పటికే నమస్కారం పెట్టేశాడు. మా అక్కయ్య గాజులు రెండు జతలూ బ్యాంకు చేరాయి. "నువ్వు పద్యాలు చెప్పుకోవయ్యా లెక్చరరూ! వ్యాపారం నాకు వదిలెయ్" అన్నాడు.

దుకాణంలో గింజలు వేయించే డ్రమ్ము ఒకటి, మర ఒకటి, రెండు ఇత్తడి ఫిల్టర్లు. బయట ఒక వేపచెక్క బల్ల. తెల్లవారకముందే పొడి వేసి, అదిమి, కాగిన నీళ్ళు పోసి మూత పెడతాడు. ఇక కలెక్టరు వచ్చినా సరే, డికాక్షన్ చుక్కచుక్కగా దిగేదాకా దాన్ని కదపడు. మొదటి గ్లాసు కాజీపేటలో రైల్వే నౌకరీ చేసి రిటైరైన ఒక పెద్దాయనది. ఆయన ఒక గుటక వేసి తల ఊపితే దుకాణం తెరిచినట్టు. శనివారం సాయంత్రం గింజలు వేయిస్తాడు. ఆ వాసనకు దారిన పోయేవాళ్ళ కాళ్ళు వాటంతటవే ఇటు తిరుగుతాయి.

బల్ల మీద కూచునేవాళ్ళ సంగతి చెప్పాలి. ఒక గ్లాసు కాఫీకి ఒక గంట, పేపరు ఉచితం, రాజకీయాలు అదనం. ఒకనాడు కాగితం పెన్సిలు తీసి లెక్క వేశాను. గ్లాసు మీద వచ్చేది పాలవాడికీ గ్యాసుకీ సరి. "బల్ల తీసెయ్యి బావా, నిలబడి తాగి వెళ్ళిపోతారు" అని సలహా ఇచ్చాను. తీసేశాడు. నెల తిరిగేసరికి గ్లాసుల లెక్క పెరగలేదు సరికదా, పొడి అమ్మకం సగానికి పడిపోయింది.

నాకు తెలియనిది ఏమిటంటే, ఆయన బతుకుతున్నది గ్లాసు మీద కాదు, పొడి మీద. గ్లాసు మచ్చు మాత్రమే. గంటసేపు కూచున్నవాడే లేచేటప్పుడు, "ఇంటికి పావుకిలో కట్టు" అంటాడు. నిలబడి తాగేవాడికి ఇల్లు గుర్తు రాదు. బల్ల మళ్ళీ బయటికి వచ్చింది. నా సలహాలు మాత్రం లోపలికి పోయాయి.

నాకైనా ముందే తట్టవలసింది. కాఫీ బోర్డు తన కాఫీ హౌసులను మూసేయాలనుకున్నప్పుడు అందులోని పనివాళ్ళు ఏం చేశారు? ఎ.కె. గోపాలన్ అండతో సహకార సంఘాలు పెట్టుకొని తామే నడుపుకున్నారు. 1957లో బెంగుళూరు, 1958లో త్రిచూరు, ఆ పైన మరెన్నో ఊళ్ళు. తలపాగా పెట్టుకొని కప్పు తెచ్చేవాడే యజమానుల్లో ఒకడు. ఒక కప్పు తాగి పూటంతా కూచున్నా లేవమనకపోవటం అక్కడి మర్యాద. ఈ కథ క్లాసులో చెప్పినవాణ్ణి, బావ బల్ల దగ్గర మరిచిపోయాను.

ఆయన తెప్పించే అరబికా గింజలు అరకువి. ఏజెన్సీ కొండల మీద ఆదివాసీ రైతులు సిల్వర్ ఓక్ చెట్ల నీడన, ఆ చెట్లకు మిరియాల తీగలు పాకించి పెంచే పంట. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పచ్చి గింజ కిలో వేయిస్తే మిగిలేది ఎనిమిది వందల ఏభై గ్రాములకు అటూ ఇటూ. నీరంతా ఆవిరైపోతుంది కదా! పచ్చి గింజల ధర పెరిగితే ఈ తరుగు కూడా కలిసి మరీ కుంగదీస్తుంది.

పెరగనే పెరిగింది. 2024లో వియత్నాంలో, బ్రెజిల్‌లో అనావృష్టి. 2025 ఫిబ్రవరికల్లా అరబికా ధర అంతకుముందెన్నడూ లేనంత ఎత్తుకు పోయింది. బ్రెజిల్‌లో వాన పడకపోతే హనుమకొండలో మా అక్కయ్యకు నిద్ర పట్టలేదు.

బావ ఎవరికీ చెప్పకుండా చికోరీ పాలు పెంచాడు. అది చవక. డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగుతుంది. కంటికి మరింత మంచి కాఫీలాగే ఉంటుంది. నిజానికి చికోరీ కలపటం తప్పేమీ కాదు. ఎంత కలిపిందీ పొట్లం మీద రాయాలి, అంతే. ఆయన పాత చీటీలే అంటించాడు.

మర్నాడు పొద్దున రైల్వే పెద్దాయన ఒక గుటక వేశాడు. తల ఊపలేదు. సగం గ్లాసు బల్ల మీద పెట్టి, పైసలు పక్కన పెట్టి, "పొడి మారింది బిడ్డా" అని లేచి పోయాడు. మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ దుకాణం తెరిచినట్టే లేదు అన్నాడు బావ.

నాలుగోనాడు ఒక పలక తెచ్చి గోడకు తగిలించాడు. ఈ వారం గింజల ధర ఇంత, కాఫీ ఇన్ని పాళ్ళు, చికోరీ ఇన్ని పాళ్ళు, గ్లాసు మీద రెండు రూపాయలు ఎక్కువ. ఆ పెద్దాయన ఇంటికి తానే వెళ్ళి పిలుచుకొచ్చాడు. రెండు రూపాయలకు అలిగినవాళ్ళు లేకపోలేదు. ఇద్దరు మాస్టర్లు ఎదురుగా ఉన్న చాయ్ దుకాణానికి మారిపోయారు. మిగిలినవాళ్ళు పలక చదివి, ధర గురించి ఒక గంట వాదించి, మరో గ్లాసు తెమ్మన్నారు.

ఖాతా పుస్తకం ఇంకా లావుగానే ఉంది. అందులో నా పేరూ ఉంది. మొన్న దసరాకు ఒక జత గాజులు విడిపించి తెచ్చాడు. రెండో జత మాట ఎత్తితే, "బ్రెజిల్‌లో వానలెట్లా ఉన్నాయో చూసి చెప్పవయ్యా లెక్చరరూ" అంటున్నాడు.