గ్రీకుల స్థలపురాణాలు

ప్రాచీన గ్రీసు గురించి ఏ పాఠ్యపుస్తకమైనా మొదట చెప్పేది ఆ దేశపు నైసర్గిక స్వరూపమే. కొండలు ఎక్కువ, సాగుభూమి తక్కువ, ఏ లోయ నుంచి బయల్దేరినా సముద్రం దగ్గర. అందుకే అక్కడ ఒక్క పెద్ద రాజ్యం కాకుండా వందలాది చిన్న నగర రాజ్యాలు పుట్టాయంటారు. ఇది అబద్ధం కాదు, కానీ చాలదు. అవే కొండలు, అదే సముద్రం క్రీ.పూ. 1300 ప్రాంతంలోనూ ఉన్నాయి. అప్పుడు మైసీనే, పైలోస్ వంటి చోట్ల రాజప్రాసాదాలు, గొర్రెల లెక్కలూ నూనె లెక్కలూ మట్టి పలకల మీద రాసే గుమాస్తాలు ఉండేవారు. ఆ లిపిని 1952లో మైకేల్ వెంట్రిస్ ఛేదించినప్పుడు అందులోది గ్రీకు భాషేనని తేలింది. జ్యూస్, పోసైడాన్ పేర్లూ ఆ పలకల్లో కనిపించాయి. నేల అదే, భాష అదే, దేవుళ్లలో చాలామంది వాళ్లే. పాలన మాత్రం పూర్తిగా వేరు. క్రీ.పూ. 1200 ప్రాంతంలో ఆ ప్రాసాదాలు కూలాయి, వాటితోపాటు రాతా పోయింది. ఫినీషియన్ల అక్షరాలు అరువు తెచ్చుకుని మళ్లీ రాయడం మొదలుపెట్టేసరికి శతాబ్దాలు గడిచాయి. ఆ సంధికాలంలోనే నగర రాజ్యాలు రూపుకట్టాయి. లోయ ఎవరిదో, దీవి ఎవరిదో చెప్పే రాజూ లేడు, రికార్డూ లేదు. ఉన్నదల్లా తరతరాలుగా పాడుకుంటున్న కథ. గ్రీకు పురాణాన్ని కవుల కల్పనగా మాత్రమే చూస్తే దాని అసలు పని కనపడదు. భూగోళం పెట్టిన తగువుల్లో అది పట్టా కాగితంలా చెల్లింది.

ఏథెన్స్ సంగతే చూడండి. ఆ నగరమున్న ఆటికా నేల సారం లేనిది. అలాంటి నేలకు ఎవరూ ఆశపడలేదు గనుక అక్కడివాళ్లు మొదటినుంచీ కదలకుండా ఉండిపోయారని చరిత్రకారుడు థూసిడిడీస్ అంటాడు. ఏథెన్స్ వాళ్లు ఆ లోపాన్నే వంశగౌరవంగా మార్చుకున్నారు. తమ తొలి రాజుల్లో ఒకడైన ఎరిక్థోనియస్ ఆ మట్టిలోంచే పుట్టాడని, మిగతా గ్రీకులు వలస వచ్చినవాళ్లైతే తాము నేలబిడ్డలమని చెప్పుకున్నారు. ఊరి కోసం పోసైడాన్, అథీనా పోటీపడిన కథ కూడా ఈ నేలకు తగ్గదే. ఆయన ఉప్పునీటి ఊట ఇస్తే, ఆమె ఆలివ్ చెట్టు ఇచ్చి గెలిచింది. గోధుమకు చాలని రాతినేలలో ఆలివ్ నిలుస్తుంది. క్రీ.పూ. 6వ శతాబ్ది ఆరంభంలో ఏథెన్స్ శాసనకర్త సోలన్ పంటల ఎగుమతిని నిషేధించి ఆలివ్ నూనెను మాత్రం మినహాయించాడని జీవితచరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు. దేవత గెలుపుకూ ఆ చట్టానికీ వెనక ఉన్నది ఒకే నేల.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. బలవంతుడు ముందు ఆక్రమిస్తాడు, కథ తర్వాత అల్లుకుంటాడు. అలాంటప్పుడు పురాణం నాగరికతను మలిచిందని ఎలా అంటాం? స్పార్టా దీనికి మంచి ఉదాహరణ. 2,400 మీటర్ల టైగెటస్ పర్వతం అడ్డున్నా స్పార్టన్లు దాన్ని దాటి మెస్సీనియా మైదానాన్ని ఈటెలతోనే గెలిచారు, అక్కడి జనాన్ని హెలట్లనే బానిస రైతులుగా మార్చారు. తాము పురాణవీరుడు హెరాక్లీస్ వారసులమని, తాతల ఆస్తి తిరిగి తీసుకున్నామని చెప్పుకున్నారు. ఇక్కడ కథ ఆక్రమణకు ముసుగే, ఒప్పుకోవాలి. కానీ ముసుగు వేసుకున్నవాడు దాని కట్టుబాట్లకూ లోబడాల్సి వచ్చింది. క్రీ.పూ. 464 ప్రాంతంలో పెద్ద భూకంపం స్పార్టాను కుదిపేసింది. గ్రీసులో భూమి కంపించడం కొత్త కాదు. దాన్ని కంపింపజేసేది పోసైడానే అని వాళ్ల నమ్మకం. ఆయన గుడిలో శరణుజొచ్చిన హెలట్లను బయటికి తెచ్చి చంపినందుకే ఈ శిక్ష అని స్పార్టన్లే నమ్మారు. అదే అదనుగా హెలట్లు తిరగబడి ఇథోమీ కొండెక్కారు. ఏళ్ల తరబడి ముట్టడి సాగాక, జ్యూస్ శరణార్థిని వదిలిపెట్టమని డెల్ఫీ క్షేత్రంలో వెలువడిన పాత దేవవాక్కును తలుచుకుని వాళ్లను ప్రాణాలతో పోనిచ్చారు. యుద్ధం లాగలేక కూడా వదిలి ఉండవచ్చు, కాదనలేం. అయితే పరువు పోకుండా వదలడానికి దారి చూపింది ఆ దేవవాక్కే.

ఊరికో కథ ఉంటే గ్రీకులు ఒక్కటెలా అయ్యారన్నది మరో ప్రశ్న. కథల్లోని దేవుళ్లు ఉమ్మడి కావడం, ఒలింపియా, డెల్ఫీ వంటి పెద్ద క్షేత్రాలు ఏ మహానగరం గోడల మధ్యా లేకపోవడం ఇందుకు తోడ్పడ్డాయి. భూమి చాలక సిసిలీకో, దక్షిణ ఫ్రాన్స్ తీరానికో ఓడెక్కినవాళ్లు కూడా అవే పూజలు, అవే వీరగాథలు వెంట తీసుకెళ్లారు. గ్రీకులంటే ఎవరన్నదానికి చరిత్రకారుడు హెరొడోటస్ ఇచ్చిన నిర్వచనంలో రక్తసంబంధం, భాష, ఆచారాలతోపాటు ఉమ్మడి గుళ్లూ బలులూ ఉన్నాయి. ఉమ్మడి ప్రభుత్వం మాట లేదు.

అందరూ ఒప్పుకునే కథ కాబట్టే దాన్ని తమవైపు తిప్పుకోవడానికి అంత పోటీ. ఏథెన్స్‌కూ మెగారాకూ మధ్య సముద్రంలో సలామిస్ దీవి ఉంది. క్రీ.పూ. 600 ప్రాంతం నుంచి రెండు ఊళ్లూ దానికోసం కొట్టుకున్నాయి. చివరికి స్పార్టా నుంచి ఐదుగురు పెద్దలు పంచాయతీకి కూర్చున్నారు. సలామిస్ వీరుడు అజాక్స్ తన 12 ఓడలను ఏథెన్స్ సేన పక్కనే నిలిపాడన్న ‘ఇలియడ్’ కావ్యంలోని మాటను సోలన్ సాక్ష్యంగా చూపాడని, ఆ పంక్తి ఆయనే చేర్చాడని చాలామంది అనేవారని ప్లూటార్క్ చెబుతాడు. ఏథెన్స్ వాళ్లు అదంతా వట్టిమాటని కొట్టిపారేసి, అజాక్స్ కొడుకులే దీవిని తమకు అప్పగించి తమ పౌరులయ్యారని మరో కథ చెప్పేవారు. తీర్పు ఏథెన్స్‌కే దక్కింది. మెగారా వాళ్లు ఊరుకోలేదు. అజాక్స్ ఓడలు సలామిస్‌తోపాటు తమ ఊళ్ల నుంచి కూడా బయల్దేరినట్టు అదే పంక్తికి వేరే పాఠం కట్టుకున్నారని భూగోళ శాస్త్రవేత్త స్ట్రాబో నమోదు చేశాడు.