వైద్య పత్రికకు పంపే పరిశోధనా పత్రం: ఆధారాల కూర్పులో పాటించవలసిన జాగ్రత్తలు

పురుగుమందుల విషప్రభావం, పశువుల నుండి మనుషులకు సోకే వ్యాధులు, గ్రామీణ స్త్రీలలో రక్తహీనత, చిరుధాన్యాల పోషక విలువలు మొదలైన అంశాలపై కృషి చేసే వ్యవసాయ శాస్త్రవేత్తలు తమ ఫలితాలను వైద్య పత్రికలకు పంపవలసిన సందర్భాలు ఏర్పడుతుంటాయి. రచయిత పేరు, సంవత్సరం పేర్కొనే పద్ధతికి అలవాటుపడిన మన విద్యార్థులకు వైద్య పత్రికల సంఖ్యా పద్ధతి కొత్తగా తోస్తుంది. అందువలన ఆధారాల పట్టికను చివరి రోజు వరకు వాయిదా వేసి, హడావుడిగా ముగించడం పరిపాటి. ఆ పట్టికలోని ప్రతి పంక్తీ ఒక నిజానికి పూచీకత్తు. ఆ పూచీకత్తు చెల్లకపోతే కలిగే నష్టం ఎంతటిదో వైద్యరంగ చరిత్రే చెబుతుంది.

వాంకూవర్ పద్ధతి

ఒక్కొక్క పత్రిక ఒక్కొక్క రూపంలో వ్రాతప్రతిని కోరడం వలన కలిగే శ్రమను తగ్గించే ఉద్దేశంతో 1978 జనవరిలో కొందరు వైద్య పత్రికా సంపాదకులు కెనడాలోని వాంకూవర్ నగరంలో సమావేశమయ్యారు. వారు రూపొందించిన నియమావళి 1979లో తొలిసారి వెలువడింది. అందులోని ఆధారాల రూపాలను అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం తీర్చిదిద్దింది. ఆ బృందమే క్రమంగా అంతర్జాతీయ వైద్య పత్రికా సంపాదకుల సంఘంగా విస్తరించింది.

ఈ పద్ధతిలో ఆధారాలకు అక్షరక్రమం ఉండదు. పాఠంలో మొదట ప్రస్తావనకు వచ్చిన ఆధారానికి 1, తరువాతి దానికి 2 అనే క్రమంలో సంఖ్యలు ఇవ్వాలి. అదే ఆధారం మళ్ళీ వచ్చినపుడు పాత సంఖ్యనే వాడాలి. కేవలం పట్టికలో గాని, చిత్రం వివరణలో గాని వచ్చే ఆధారానికి, ఆ పట్టికను లేదా చిత్రాన్ని పాఠంలో తొలిసారి పేర్కొన్న చోటును బట్టి సంఖ్య ఇవ్వాలి. చాలామంది పొరపడేది ఇక్కడే.

రూపం ఎలా ఉంటుందో మన ప్రయోగశాలలకు సుపరిచితమైన ఒక వ్యాసంతోనే చూద్దాం. భాస్వరం పరిమాణాన్ని రంగు గాఢత ద్వారా నిర్ణయించే ఫిస్క్, సుబ్బారావు పద్ధతికి మూలమైన వ్యాసాన్ని ఇలా చూపుతాము:

ఫిస్క్ సిహెచ్, సుబ్బారావు వై. ద కలరిమెట్రిక్ డిటర్మినేషన్ ఆఫ్ ఫాస్ఫరస్. జె బయోల్ కెమ్. 1925;66:375-400.

ఇంటిపేరు ముందు, పొడి అక్షరాలు తరువాత వస్తాయి. పొడి అక్షరాల మధ్య చుక్కలు ఉండవు. వ్యాస శీర్షికకు ఉల్లేఖన చిహ్నాలు అవసరం లేదు. పత్రిక పేరును జాతీయ వైద్య గ్రంథాలయ సూచిలో ఉన్న సంక్షిప్త రూపంలోనే వ్రాయాలి, సొంతంగా కుదించరాదు. లాన్సెట్, నేచర్ వంటి ఏకపద నామాలను కుదించరు. సంవత్సరం, సంపుటి, పుటల మధ్య ఖాళీలు ఉండవు. సంపుటి అంతటా పుట సంఖ్యలు వరుసగా సాగితే సంచిక సంఖ్యను విడిచిపెట్టవచ్చును. 284 నుండి 287 వరకు గల పుటలను 284-7 అని వ్రాస్తారు. రచయితలు ఆరుగురికి మించితే మొదటి ఆరుగురి పేర్ల తరువాత 'ఎట్ ఆల్' అని చేర్చడం సాధారణ నియమం. కొన్ని పత్రికలు ముగ్గురితోనే ఆపమంటాయి. కనుక ఆయా పత్రికల సూచనలే ప్రమాణం.

తెలుగు పేర్లతో చిక్కు

పై ఉదాహరణలోని రెండవ రచయిత భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. యల్లాప్రగడ ఆయన ఇంటిపేరు. అయితే పాశ్చాత్య సూచికలు చివరి పదాన్నే వంశనామంగా గ్రహించినందున, శాస్త్రలోకంలో ఆయన 'సుబ్బారావు వై' అయ్యారు. ఇటువంటి సందర్భాలలో ముద్రితమైన రూపాన్నే మనం అనుసరించాలి. సరిదిద్దబూనితే పాఠకుడికి వ్యాసం దొరకదు. ఇక మన సొంత పేరు విషయంలో తొలి పత్రం నాడే ఒక రూపాన్ని నిర్ణయించుకొని, జీవితాంతం దానినే వాడడం మేలు. పదహారు అంకెల ఓర్సిడ్ సంఖ్యను పొందితే ఒకే పేరు గల ఇతరులతో కలగాపులగం కాకుండా ఉంటుంది.

ఐదు వాక్యాల లేఖ

1980 జనవరి 10న న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో పోర్టర్, జిక్ అనే ఇద్దరు ఐదు వాక్యాల లేఖ ప్రచురించారు. ఆసుపత్రిలో చేరి మత్తు కలిగించే నొప్పి మందులు పొందిన 11,882 మంది రోగులలో, పూర్వం వ్యసనం లేనివారిలో, నలుగురికి మాత్రమే వ్యసనం ఏర్పడినట్లు నమోదైందని దాని సారాంశం. 2017లో అదే పత్రికలో వెలువడిన ఒక పరిశీలన ప్రకారం ఆ లేఖను 608 రచనలు ఉల్లేఖించాయి. వాటిలో 439 రచనలు ఈ మందులతో వ్యసనం అరుదని చెప్పడానికి దానిని సాక్ష్యంగా చూపాయి. 491 రచనలు ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవారని పేర్కొనలేదు. ఈ తీరు ఉత్తర అమెరికాలో ఈ మందుల సంక్షోభానికి దోహదం చేసిందని పరిశీలకులు అభిప్రాయపడ్డారు. సంపుటి, పుట సంఖ్యలు ఎంత సరిగా ఉన్నా, మూలంలో లేని మాటను మూలానికి అంటగట్టిన ఆధారం తప్పుడు ఆధారమే.

పాలకూరలోని ఇనుము గురించిన కథ మనకు మరింత దగ్గరిది. దశాంశ బిందువు తప్పుగా పడటం వలన దాని ఇనుము విలువ పదింతలు పెరిగిందని 1981లో హాంబ్లిన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. ఆ కథకు తగిన ఆధారం లేదని 2010లో సటన్ చూపారు. మూలాన్ని చూడకుండా ఒకరి నుండి ఒకరు ఎత్తివ్రాయడం వలన ఇటువంటి కథలు ఎలా వ్యాపిస్తాయో 2014లో రెక్డాల్ వివరించారు. పొరపాటు గురించి హెచ్చరించే కథే పొరపాటుగా ప్రచారమైంది!

పంపే ముందు పరిశీలన

జొటెరో, మెండలే, ఎండ్‌నోట్ వంటి సాధనాలు సంఖ్యల క్రమాన్ని స్వయంగా సవరిస్తాయి. చేతితో సంఖ్యలు వేసినపుడు, సమీక్షకుని సూచనపై ఒక వాక్యం తొలగిస్తే తరువాతి సంఖ్యలన్నీ తప్పిపోతాయి. అయితే సాధనంలోకి దిగుమతి అయిన వివరాలలోనూ తప్పులు ఉంటాయి. వాటిని మూలంతో సరిపోల్చాలి. ఉల్లేఖించిన వ్యాసం ఉపసంహరణకు గురైందేమో పబ్‌మెడ్‌లో చూడాలి. టీకాను ఆటిజంతో ముడిపెట్టిన 1998 నాటి లాన్సెట్ వ్యాసం 2010లోనే పూర్తిగా ఉపసంహరింపబడింది. అటువంటి దానిని సాక్ష్యంగా చూపరాదు. కృత్రిమ మేధ ఇచ్చే ఆధారాలలో అసలు ప్రచురితమే కాని వ్యాసాలు కూడా ఉండవచ్చును కనుక, మూలం చేతికి దొరకనిదే ఏ ఆధారాన్నీ చేర్చరాదు.

సహరచయితలిద్దరు కూర్చొని, ఒకరు పత్రంలోని వాక్యాన్ని చదవగా మరొకరు మూల వ్యాసాన్ని తెరచి చూసుకోవడం అన్నిటికన్నా నమ్మకమైన పద్ధతి. ముప్పై ఆధారాలకు ఒక పూట పట్టవచ్చును. మన పత్రాన్ని నమ్మి ఒక వైద్యుడు మందు వ్రాసినా, ఒక విస్తరణాధికారి రైతుకు సలహా ఇచ్చినా, ఆ నమ్మకానికి ఆ ఒక్క పూట శ్రమే ఆధారం.