సున్నా వేరు, తెలియకపోవడం వేరు

అంకెలతో పనిలేని విభాగం మన సంస్థలో లేదంటే అతిశయోక్తి కాదు. రీడింగుల రిజిస్టర్లు, లాగ్‌షీట్లు, నెలసరి నివేదికలు మనకు నిత్యకృత్యాలు. ఇటీవల మా నిర్వహణ విభాగంలో కొందరం కలిసి ‘ఆర్’ అనే గణాంక భాషను నేర్చుకోవడం ప్రారంభించాం. తొలి పాఠమైన వెక్టరు దగ్గరే మా పాత పొరపాటొకటి బయటపడింది. దానిని సహోద్యోగులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆర్‌కు మాతృక 1976లో అమెరికాలోని బెల్ ల్యాబొరేటరీస్‌లో జాన్ ఛాంబర్స్ బృందం ఆరంభించిన ‘ఎస్’ భాష. న్యూజిలాండులోని ఆక్లండ్ విశ్వవిద్యాలయంలో రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల ఆరంభంలో ఆర్‌ను రూపొందించారు. 2000 ఫిబ్రవరి 29న దాని 1.0.0 వెర్షను విడుదలైంది. ఇది ఎవరైనా ఉచితంగా వాడుకోదగినది.

ఇందులోని వెక్టరు మనం కళాశాలలో చదివిన ‘సదిశ’ కాదు. ఒకే జాతికి చెందిన విలువల వరుస మాత్రమే. ‘సి’ అనే ఆజ్ఞతో విలువలను ఒకచోట చేర్చి, ఆ వరుసకు ఒక పేరు పెడతాం. మన రిజిస్టర్లలోని క్రమసంఖ్యల వలెనే ఇక్కడా లెక్కింపు ఒకటితో మొదలవుతుంది. వారం రోజుల ఉష్ణోగ్రతలను సెల్సియస్ నుండి ఫారెన్‌హీటుకు మార్చాలంటే ఏడుసార్లు లెక్క వేయనక్కరలేదు. వరుస మొత్తాన్ని 1.8తో గుణించి 32 కలపమంటే చాలు.

ఇక మా పొరపాటు. ఒక పంపు బేరింగు ఉష్ణోగ్రతలు ఒక వారంలో 62, 64, 63, 65, 66, 64 డిగ్రీలు. నాలుగవ రోజు సెన్సారు పనిచేయలేదు. ఆ గడిని ఖాళీగా వదలడమెందుకని సున్నా వేశాం. సగటు 54.9 వచ్చింది. పంపు చల్లగానే ఉన్నదని భావించి తనిఖీని వాయిదా వేశాం. అనుభవజ్ఞుడైన ఒక టెక్నీషియన్ బేరింగు కవరు మీద చేయి ఆనించి, వెంటనే తీసి, “ఇది యాభై అయిదు కాదు సార్” అన్నారు. నిజమైన సగటు 64. ఆ చేయి లేకుంటే ఏమయ్యేదో ఊహించడానికే భయం వేసింది.

ఆర్‌లో తెలియని విలువకు ‘ఎన్‌ఏ’ అనే ప్రత్యేక గుర్తు ఉంది. అది ఉన్న వరుసకు సగటు అడిగితే జవాబు కూడా ‘ఎన్‌ఏ’ అనే వస్తుంది. తెలియనిదానిని మినహాయించమని మనమే స్పష్టంగా ఆదేశిస్తే తప్ప అంకె రాదు. మొదట ఇది మాకు చాదస్తంగా తోచింది. ఆ పంపు గుర్తుకు వచ్చాక, అది నిజాయితీ అని బోధపడింది.

అయితే యంత్రం అన్నింటినీ పట్టుకోదు. ‘ఎన్‌ఏ’కు బదులు ‘సెన్సారు పాడు’ అని రాస్తే వరుసలోని అంకెలన్నీ అక్షరాలుగా మారిపోతాయి. ఆరు విలువల వరుసకు రెండు విలువల వరుసను కలిపితే, చిన్నదానిని మూడుమార్లు తిరగవేసి మౌనంగా కలిపేస్తుంది. ఏడింటికి రెండింటిని కలిపితే మాత్రం హెచ్చరిస్తుంది, అయినా లెక్క కట్టే తీరుతుంది. కనుక కూడే ముందు వరుసల పొడవు చూసుకోవడం మన బాధ్యతే.

పాఠకులు ఇంట్లో పిల్లలతో కలిసి పన్నెండు నెలల కరెంటు బిల్లులతో ఒక వెక్టరు కట్టి చూడవచ్చు. బిల్లు దొరకని నెలకు మాత్రం సున్నా వేయకండి. తెలియనిదానిని తెలియదని రాయడం కూడా లెక్కలో భాగమే.