దేవయాని కోరిన శిక్ష



ఈ మధ్య నవలల్లోనూ, సినిమాల్లోనూ, టీ.వీ. సీరియల్స్‌లోనూ ఒక రకం కథ మీరు తరచు చూస్తూనే ఉంటారు. ఇద్దరు స్నేహితురాళ్ళు. ఒకే కంచం, ఒకే మంచం. చిన్నప్పుడెప్పుడో ఏదో ఒక మాట దొర్లుతుంది. అన్నావిడ మర్చిపోతుంది, పడ్డావిడ మర్చిపోదు. ఏళ్ళు గడిచాక నవ్వుతూ ఇంటికొస్తుంది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని అలాంటి నవల పట్టుకున్నామంటే పొయ్యి మీద పాలు పొంగినా తెలీదు. "ఇదంతా ఇంగ్లీషు సరుకు" అని ఇంట్లో మగవాళ్ళు ఓ మాట విసురుతారు. కాదండీ, ఇది మన ఇంటి సరుకే. నన్నయగారు పదకొండో శతాబ్దంలో భారతం తెలుగు చేస్తూ ఆదిపర్వంలోనే ఈ కథ చెప్పారు. పదహారో శతాబ్దంలో మన తెలంగాణలో పొన్నిగంటి తెలగన్న ఇదే కథని "యయాతి చరిత్రము" అన్న పేరుతో రాసి, గోలకొండ ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అమీన్‌ఖానుకి అంకితమిచ్చాడు. అచ్చ తెలుగులో వచ్చిన మొదటి కావ్యం అదేనంటారు. మొదటిసారి అచ్చ తెలుగులో రాయబూనిన కవికి ఈ కథే నచ్చిందంటే అందులో ఎంత పట్టు ఉండాలో చూడండి.

పేరుకి యయాతి కథ. నడిపింది మాత్రం ఇద్దరు ఆడవాళ్ళు, దేవయాని, శర్మిష్ఠ.

మా ఆత్మకూరు (ఎస్) వైపు స్నేహాన్ని సోపతి అంటారు. ఈ ఇద్దరిదీ అలాంటి సోపతే. శర్మిష్ఠ రాక్షసరాజు వృషపర్వుడి కూతురు. దేవయాని ఆ రాజుగారి గురువు శుక్రాచార్యుడి కూతురు. రాజ్యం, ధనం, దాసీలు శర్మిష్ఠ తండ్రివి. అయితే యుద్ధంలో చచ్చిన రాక్షసుల్ని బతికించే మృతసంజీవని విద్య దేవయాని తండ్రిది. ఆయన లేనిదే ఆ రాజ్యం లేదు. మరి ఇద్దరిలో ఎవరు ఎక్కువ? స్నేహం సాగినన్నాళ్ళు ఆ లెక్క ఎవరూ తియ్యలేదు.

గొడవకి ముందు దేవయానికి ఇంకో దెబ్బ తగిలింది. చాలామంది ఆ సంగతి వదిలేసి ఆవిణ్ణి గయ్యాళి అనేస్తారు. అది అన్యాయమని నా ఉద్దేశం. దేవతల గురువు కొడుకు కచుడు ఆ విద్య నేర్చుకోవడానికే వాళ్ళింటికి శిష్యుడుగా వచ్చాడు. దేవయాని మనసిచ్చింది. రాక్షసులు అతన్ని మళ్ళీ మళ్ళీ చంపారు. ప్రతిసారీ ఈవిడే ఏడ్చి, అన్నం మాని, తండ్రిచేత బతికించుకుంది. చివరికి విద్య చేతికొచ్చాక, "మీ నాన్నగారి కడుపులోంచి మళ్ళీ పుట్టాను గదా, నువ్వు నాకు చెల్లెలివి" అని కచుడు తన దారిన తాను వెళ్ళిపోయాడు. పోతూ పోతూ, ఋషికుమారుడెవడూ నిన్ను పెళ్ళాడడు పొమ్మని శాపం కూడా పెట్టాడు. ఈవిడ పెట్టిన శాపానికి అది బదులనుకోండి.

ఆ తర్వాతే కొలను దగ్గర జలక్రీడ. గాలికి ఒడ్డున చీరలు కలిసిపోయాయి. శర్మిష్ఠ తెలీక దేవయాని చీర కట్టుకుంది. చిన్న పొరపాటు. మనమైతే "ఏమే, నా చీర నీకు బాగుందే" అని నవ్వేసేవాళ్ళం. దేవయాని నవ్వలేదు, గురువు కూతురి బట్ట శిష్యురాలు కట్టడమేమిటంది. శర్మిష్ఠా ఊరుకోలేదు. "మీ నాన్న మా నాన్న ముందు చెయ్యి చాపి, పొగిడి బతికేవాడు" అంది. ఇన్నాళ్ళూ ఎవరూ తియ్యని లెక్క ఒక్క చీరతో బయటపడింది. గమనించారా, మాట తండ్రి దాకా పోయింది.  ఆ కోపంలో శర్మిష్ఠ దేవయానిని బావిలోకి తోసి, చచ్చిందనుకుని ఇంటికెళ్ళిపోయింది. తీగలు కప్పేసిన నీళ్ళు లేని బావి. మా ఊళ్ళ నుంచి వచ్చి పట్నంలో కాపురం పెట్టినవాళ్ళకి పాడుబావి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. వేటకొచ్చిన యయాతి మహారాజు కుడిచెయ్యి పట్టి పైకి లాగాడు.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. చంపబోయిన మనిషికి ఏ శిక్ష పడాలి? శుక్రాచార్యుడు ఊరు విడిచి పోతానన్నాడు. వృషపర్వుడు కాళ్ళబేరానికి వచ్చి ఏం కావాలో కోరుకోమన్నాడు. దేవయాని శర్మిష్ఠ ప్రాణం కోరలేదు. దేశం నుంచి వెళ్ళగొట్టమనలేదు. మళ్ళీ దాని మొహం చూడనని కూడా అనలేదు. వెయ్యిమంది చెలికత్తెలతో సహా శర్మిష్ఠ తనకి దాసి కావాలంది. తనకి పెళ్ళయి ఎక్కడికి పోతే అక్కడికి వెంట రావాలంది. అంటే జన్మంతా కళ్ళముందు ఉండాలి! దీన్ని పగ అనాలా, విడవలేనితనం అనాలా? రెండూ ఒకటైపోయిన చోటే ఇలాంటి కథలకి ఊపిరి.

వ్యాసుడి భారతంలో ఒక చిన్న ముక్క ఉంది. శర్మిష్ఠ తనవాళ్ళ కోసమని దాస్యానికి ఒప్పుకుని వచ్చి నిలబడితే, చెయ్యి చాపేవాడి కూతురికి ఊడిగం ఎలా చేస్తావని దేవయాని దెప్పుతుంది. బావి దగ్గర పడ్డ మాటని పొల్లుపోకుండా దాచుకుందన్నమాట.

పగ తీరితే మనసు చల్లబడుతుందని అందరం అనుకుంటాం. 2008లో కార్ల్స్‌మిత్, విల్సన్, గిల్బర్ట్ అనే ముగ్గురు అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీన్ని పరీక్ష పెట్టి చూశారు. డబ్బుతో ఒక ఆట ఆడించారు. అందులో ఒకరు మిగతావాళ్ళని మోసం చేస్తారు. కొందరికి ఆ మోసగాణ్ణి శిక్షించే వీలిచ్చారు, కొందరికి ఇవ్వలేదు. శిక్షిస్తే హాయిగా ఉంటుందని అందరూ అనుకున్నారు. తీరా చూస్తే శిక్షించినవాళ్ళ మనసే ఎక్కువ చేదుగా ఉంది. శిక్షించే అవకాశం లేనివాళ్ళు ఆ సంగతి వదిలేసి వేరే పనిలో పడ్డారు. వీళ్ళు ఆ మనిషినే తలుచుకుంటూ కూచున్నారు. వాళ్ళది కాసేపటి ఆట. దేవయాని మటుకు తలుచుకోవలసిన మనిషిని ఇంట్లోనే పెట్టుకుంది.

యయాతిని పెళ్ళాడి దేవయాని అత్తవారింటికి వెళ్ళింది. శర్మిష్ఠకి అశోకవనం దగ్గర ఇల్లిచ్చారు. శర్మిష్ఠని పడకకి పిలవొద్దని శుక్రాచార్యుడు అల్లుడికి ముందే చెప్పాడు. దేవయానికి సంసారం, పిల్లలు అన్నీ అమరుతున్నాయి. తన వయసు మాత్రం ఊడిగంలో తరిగిపోతోందని శర్మిష్ఠకి తెలిసొచ్చింది. ఒకరోజు యయాతి ఒంటరిగా దొరికితే, స్నేహితురాలి భర్త తన భర్తతో సమానమేనని వాదించింది. దాసి అని మాత్రమే కాదు, స్నేహితురాలని కూడా! ఇన్నేళ్ళ తర్వాత ఆ పాత మాట ఆవిడ నోట ఎలా పనికొచ్చిందో చూడండి. ఇందులో పగ ఎంత, బతుకు మీద ఆశ ఎంత అని నన్నడిగితే ఆశే ఎక్కువంటాను. దాసీకి పిల్లల్ని కనాలనే కోరిక ఉండకూడదా?

బిడ్డ పుట్టాడు. ఎవరి బిడ్డని దేవయాని నిలదీస్తే, ఒక ఋషి ప్రసాదమంది. దేవయాని నమ్మింది. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు భర్తతో వనంలో నడుస్తుంటే ముగ్గురు మగపిల్లలు ఆడుకుంటూ కనిపించారు. పోలికలు చూసి, మీ నాన్న ఎవరని అడిగింది. పిల్లలు యయాతివైపు వేలు చూపించి, దగ్గరికి పరుగెత్తారు. ఆవిడ పక్కనుంది గనక రాజు వాళ్ళని ఎత్తుకోలేదు. పిల్లలు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయారు. ఇంతకంటే గుండె ఝల్లుమనే ఘట్టం ఏ సీరియల్‌లో ఉంది చెప్పండి. నువ్వు ఆయన్ని వరించిన రోజే నేనూ వరించానని శర్మిష్ఠ తొణక్కుండా బదులిచ్చింది.

దేవయాని మళ్ళీ పుట్టింటికే పోయింది. తండ్రి అల్లుడికి ముసలితనం శాపంగా ఇచ్చాడు. కావాలంటే ఇంకొకరికి మార్చుకోవచ్చన్నాడు. దేవయాని కొడుకులు యదువు, తుర్వసుడు తండ్రి ముసలితనం పుచ్చుకోమన్నారు. శర్మిష్ఠ కొడుకుల్లో ద్రుహ్యుడు, అనువు కూడా కుదరదన్నారు. ఆఖరివాడు పూరుడు పుచ్చుకున్నాడు. రాజ్యం అతనికే దక్కింది. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రి పేరే ఇంటిపేరుగా గల పినవీరభద్రకవి పదిహేనో శతాబ్దంలో "శృంగార శాకుంతలం" రాశాడు గదా, అందులోని దుష్యంతుడు ఈ పూరుడి వంశంవాడే. కౌరవులు, పాండవులు కూడా ఆ వంశంవాళ్ళే. శ్రీకృష్ణుడు మాత్రం దేవయాని కొడుకు యదువు వంశంలో పుట్టాడు.

వి.ఎస్. ఖాండేకర్ 1959లో మరాఠీలో "యయాతి" నవల రాస్తూ, యయాతి, దేవయాని, శర్మిష్ఠ ముగ్గురిచేతా ఎవరి కథ వాళ్ళచేతే చెప్పించాడు. దేవయాని చెప్పేటప్పుడు ఆవిడ పక్షం, శర్మిష్ఠ చెప్పేటప్పుడు ఈవిడ పక్షం వహిస్తామో లేదో మీరే చదివి చూడండి. ఇద్దరూ కలిసి కూచుని మళ్ళీ మాట్లాడుకున్న ఘట్టం మాత్రం ఆదిపర్వంలో కనిపించదు.