సాలీడు దారం – హిందూపురం పురుగు

శ్రీకాళహస్తి పేరులోని 'శ్రీ' అంటే సాలీడని మన పెద్దలు చెప్పగా విన్నాం. శివుడికి గూడు అల్లిపెట్టిన ఆ పురుగుకూ, మగ్గం మీద బట్ట నేసే సాలెవారికీ మన భాష ఒకే మాట పంచిపెట్టింది. అయినా సాలీడు దారంతో చీర నేసిన సాలెవారు మన దేశంలో ఉన్నట్టు మేము వినలేదు. పట్టుపురుగు చేతనే ఆ దారం వడికిస్తామని ఇప్పుడు శాస్త్రజ్ఞులు అంటున్నారు.

ఈ సంగతి మా మధ్యకు వచ్చింది హమ్రియాలో, ఒక శుక్రవారం భోజనాలయ్యాక. హిందూపురం పక్క పల్లె నుంచి వచ్చిన మిత్రుడొకడు ఫోనులో ఆ వార్త చూపించి, "ఉక్కుకన్నా గట్టి దారమట అన్నా! బాగానే ఉంది. మా పురుగు చావకుండా ఉంటే మాకదే చాలు" అన్నాడు. అందరం నవ్వాం, అతను నవ్వలేదు. అంతకు ముందు నెల వాళ్ల ఇంట్లో పంట పాల రోగంతో పోయింది. నాలుగో జ్వరం దాటి, రేపో మాపో చంద్రికలకు ఎక్కించాల్సిన పురుగులు ఒళ్లు ఉబ్బి, చర్మం చిట్లి, పాలలాంటి ద్రవం కార్చుకుంటూ చచ్చాయి. అప్పటికే ఆకంతా తినేశాయి, కూలీలూ ఇచ్చేశారు. ఆ నెల ఇక్కడి జీతంలో సగానికి పైగా అక్కడి అప్పుకే పోయింది.

ముందు వార్త సంగతి చూద్దాం. సాలీళ్లను పట్టుపురుగుల్లా మందగా పెంచడం కుదరదు, ఒకదాన్నొకటి తినేస్తాయి. 2012లో లండన్ మ్యూజియంలో ప్రదర్శించిన ఒక్క బంగారు రంగు పై వస్త్రానికి మడగాస్కర్‌లో పన్నెండు లక్షల సాలీళ్లను పట్టి దారం తీయవలసి వచ్చింది. అందుకే సాలీడు జన్యువును పట్టుపురుగులో పెట్టే ఆలోచన. పురుగు గుడ్డులోకి కొత్త జన్యువును చేర్చి, అది తరతరాలకు నిలిచేలా చేసే పద్ధతిని జపానులో తమురా బృందం 2000లో చూపింది. జన్యువు అంటుకుందో లేదో తెలియడానికి పురుగు కళ్లు ప్రత్యేకమైన దీపం కింద మెరిసే ఏర్పాటు కూడా ఉంటుంది. 2012లో అమెరికా వారు తీసిన దారంలో సాలీడు పాలు నూటికి ఐదుకు మించలేదు. 2023లో షాంఘైలోని డాంగ్హువా విశ్వవిద్యాలయం వారు పూర్తి నిడివి సాలీడు ప్రోటీనుతో దారం తీయించారు. తెగకుండా ఓర్చుకోవడంలో అది తూటా ఆపే చొక్కాల కెవ్లార్‌కు ఆరు రెట్లని వారి లెక్క.

మా మిత్రుడు అడిగిన పురుగు మాత్రం షాంఘైది కాదు, మన హైదరాబాదుదే. సీడీఎఫ్‌డీ అనే కేంద్ర సంస్థలో జె. నాగరాజు గారి బృందం, హిందూపురం పక్కనే కిరికెరలో ఉన్న రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ వారూ, ఫ్రాన్సు శాస్త్రజ్ఞులూ కలిసి చేసిన పని అది. పాల రోగం తెచ్చే వైరస్ జన్యువుల ఆనవాళ్లను ముందుగానే పురుగు కణాల్లో పెట్టారు. దొంగ ముఖం కాపలావాడికి ముందే చూపించి ఉంచడం లాంటిది. వైరస్ లోపలికి వచ్చి తన సందేశాలు రాయబోతే కణమే వాటిని తుంచేస్తుంది. ఒక జన్యువుతో ఆగకుండా కొన్నిటికి ఒకేసారి గురిపెట్టారు. మంచి పట్టునిచ్చే జాతుల్లోకీ ఆ గుణాన్ని తెచ్చారు. ఆ పత్రం 2013లో అచ్చయింది. నాగరాజు గారు 2012 డిసెంబరు 31న కన్నుమూశారు.

ఇది చెబితే మా మిత్రుడు లేచి కూర్చున్నాడు. "కిరికెరా? మా ఊరి నుంచి బస్సులో పోయొచ్చే దూరమే!" అన్నాడు. ఆ పురుగు ఇంతవరకు రైతు ఇంటికి రాలేదని చెప్పవలసి వచ్చింది. జన్యువు మార్చిన ప్రాణి దేన్నయినా బయటికి వదలాలంటే దేశంలో కేంద్రం నియమించిన జన్యు ఆమోద సంఘం దాటాలి. బీటీ పత్తి 2002లో దాటింది. పురుగు రెక్కలొచ్చి ఎగిరిపోతుందేమోనన్న భయం పట్టుపురుగు విషయంలో తక్కువే, దాని చిలుక సరిగా ఎగరనే లేదు. అయినా తొందరపడమని మేము అనం. కానీ తూటా చొక్కాకు వచ్చినంత పేరు ఈ పురుగుకు రాకపోవడం మాత్రం మాకు కష్టంగానే ఉంది.

సాయంత్రం అతను ఇంటికి ఫోను చేశాడు. షెడ్డుకు సున్నం, బ్లీచింగు పౌడరు మళ్లీ కొట్టారా, చాకీ పురుగులు ఎప్పుడు తెస్తున్నారు అని అడిగాడు. వచ్చే బుధవారమని అట్నుంచి వాళ్ల అమ్మ చెప్పడం మాకూ వినిపించింది.